ఫినాయిల్ పడిన ముంతలు

జీపు దిగిన పెద్దాఫీసరు జేబులోంచి చేతిరుమాలు తీయలేదు. ఏదో తేడా జరిగిందని నాకు అప్పుడే అనుమానం వచ్చింది. అంతకు కొన్నాళ్ల ముందు అదే చోట నిలబడినప్పుడు నేను ముక్కు మూసుకోకుండా ఒక మాట పూర్తిచేయలేకపోయాను. బుడ్డల చెక్క, అంటే వేరుశనగ పిండి, ఉడికించిన నీళ్లు పులిసిన కంపు. ఆ కంపు అడుగున ఘాటుగా ఇంకో వాసన. ఎర్రచేను నడుమ వరసగా వెదురు గడలు పాతి, వాటికి మట్టి ముంతలు కట్టారు. ఆ వాసన ముంతలదే. ఆఫీసరు వచ్చిన రోజు అది లేదు. చేనంతా ఆసుపత్రి వరండాలాగా ఉంది.

ఆ ముంతలు కట్టించిన సారు తన గదిలోంచి బయటికి వచ్చి మెట్టు మీదే ఆగిపోయాడు. ముక్కుపుటాలు కదలడం నాకు దూరం నుంచి కూడా కనిపించింది.

"ముంతలు ఎవురు ముట్టినారు?"

బంట్రోతు మారెప్ప చీపురు చేతపట్టుకునే ముందుకొచ్చాడు. మెచ్చుకుంటారని ఎదురుచూస్తున్న ముఖం.

"నేనే సార్. పెద్దసారు వస్తాండాడు గదా అని పొద్దున్నించి కడుగుతానే ఉండా. వరండా అయింది, లెట్రిన్ అయింది, ముంతలు గూడా అయినాయి."

"లోపల గూడానా?"

"కంపు లోపలే గద సార్ ఉండేది. ఫినాయిల్ పోసి బాగా తిప్పి అట్లే పెట్టినా."

ఆయన తిట్టలేదు. మెట్టు మీద కూలబడి, చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని చేను వైపు చూస్తూ ఉండిపోయాడు. ఆఫీసరు టీ అడిగాడు. మారెప్ప పరిగెత్తాడు.

దీపాలు పెట్టే వేళకు, తొలివానకు తడిసిన నేలలోంచి పెంకు పురుగులు లేచాయి. అవి ఆకు తినే వేపచెట్లు దూరంగా ఆ గట్టున ఉన్నాయి. అయినా కొన్ని గుంపులు ఒక్క ఆకైనా లేని ఆ గడల మీదికి వచ్చి వాలాయి. ముంతల అంచుల మీద, తాళ్ల మీద ఒకదాని మీద ఒకటి పాకాయి. ఏళ్ల తరబడి సారు చూపించాలనుకున్నది అందరి కళ్లముందూ జరిగింది. ఎందుకూ పనికిరాకుండా జరిగింది.

పెద్దాఫీసరు కుర్చీలో వెనక్కి వాలి నవ్వాడు. కోస్తా మనిషి. మాట మెత్తగా ఉండేది. "ఏవండీ, మీ సూక్ష్మజీవులు చచ్చిపోయాక కూడా పిలుస్తున్నాయే. మరి మనం ఇంత శ్రమ పడటం దేనికి? రైతుని ఒక ఫినాయిల్ సీసా కొనుక్కోమంటే సరిపోతుంది కదా."

వెంట వచ్చినవాళ్లంతా నవ్వారు. నవ్వని మనిషి ఒక్కడే. పక్క చేను రైతు ఉరుకుందప్ప. తలగుడ్డ విప్పి చేతిలో పట్టుకుని అడిగాడు. "ఏది పిలిస్తే ఏంది సారూ? పిలిసింది గదా. ఆకు లేని కట్టె మీదికి అవి వచ్చేది నేను పుట్టినాక సూళ్లేదు. అదేందో సూడండి ముందు."

అది ఎవరూ చూడలేదు. చీకటి పడుతోందని జీపు కదిలింది.

తుగ్గలి వైపు ఎర్రనేలల్లో బుడ్డలు వేసే రైతుకు వేరుపురుగు అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. తెలియనివాళ్ల కోసం చెబుతాను. పచ్చగా ఉన్న చెట్టు ఉన్నట్టుండి వాడిపోతుంది. పట్టి లాగితే వేరు లేకుండా చేతిలోకి వస్తుంది. మట్టి తవ్వితే తెల్లగా, వంకర తిరిగి పడుకున్న పురుగు కనిపిస్తుంది. అది నేలలోపల ఉంటుంది కాబట్టి పైన మందు కొట్టి లాభం లేదు. పైకి వచ్చేవి దాన్ని కనే పెంకు పురుగులు. అవి కూడా ఏడాదికి ఒకసారే, తొలి వానలు పడ్డాక కొద్ది సాయంత్రాలు మాత్రమే లేస్తాయి. జతకట్టి, వేపాకు తిని, మళ్లీ నేలలో దూరి గుడ్లు పెడతాయి. ఆ కొద్ది సాయంత్రాల్లో దొరికితేనే దొరికినట్టు. రైతులు కొమ్మలు దులిపి, కిరసనాయిలు కలిపిన నీళ్లలో వేసి చంపేవారు. ఒకరు దులిపి ఇంకొకరు ఊరుకుంటే పడిన కష్టమంతా వృథా.

సారు ఈ పురుగు మీద పనిచేసేవాడు. ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే దారిలో, ఇప్పుడు ఇళ్ల స్థలాలుగా మారిపోయిన ఒక చిన్న విత్తనాల క్షేత్రంలో కింది స్థాయి ఉద్యోగం. ఊళ్లో పురుగుల సారు అనేవారు.

మగపురుగు వాసన పట్టుకుని ఆడపురుగు దగ్గరికి వస్తుందని చాలామందికి తెలుసు. ఆయన అనేది ఇంకోటి. ఆ వాసన ఆడపురుగు సొంతం కాదు, దాని ఒంట్లో ఒక చిన్న సంచిలో కాపురముండే సూక్ష్మజీవులు తయారుచేసి ఇచ్చేది. అవి లేకపోతే ఆడపురుగు మూగది.

"ఇల్లు ఆ యమ్మది. వంట ఇంకొకరిదప్పా," అనేవాడు.

రైతులకు చెప్పాల్సి వస్తే సూక్ష్మజీవి అనే మాటే వాడేవాడు కాదు. పాలల్లోకి పెరుగు ఎట్లా వస్తుందని అడిగేవాడు. తోడు వేస్తే వస్తుందనేవారు. "పురుగు కడుపులో గూడా తోడు ఉండాది. ఆ తోడు తీసి మన ముంతలో వేస్తే, ముంతే ఆడపురుగైతాది. అది పిలిస్తే మొగోళ్లు గుంపుగా వచ్చి ముంతలో పడతారు." ఇది విని ఉరుకుందప్ప, "అయితే మా పెద్దకొడుకును గూడా ఆ ముంతలోంచే తీసుకొచ్చుకోవాల సారూ, వాడు మూడు దినాల్నించి ఇంటికి రాల్యా," అన్నాడు. అందరికన్నా ముందు నవ్వింది ఆయనే.

నేను ఆయన్ను మొదట చూసింది ఆదోనిలో ఒక మందుల షాపులో. డెబ్బైలు సగం గడిచిన కాలం. నేను అప్పట్లో పత్రికకు రోజూ పత్తి ధరలు పంపేవాణ్ని. తలనొప్పి మాత్ర కోసం నిలబడ్డాను. నా ముందు ఒక మనిషి, మోచేతుల దాకా ఎర్రమట్టి, టెట్రాసైక్లిన్ బిళ్లలు అడుగుతున్నాడు.

"ఎవురికి సార్ జొరం?" షాపు భాయ్ అడిగాడు.

"ఆడోళ్లకు."

"ఇంట్లోనా?"

"సేన్లో. ఆడపురుగులకు."

భాయ్ నన్ను చూసి కన్ను గీటాడు. "చీటీ ఉండాదా మరి, డాక్టరుది?"

ఆయన నవ్వకుండా బిళ్లలు పొట్లం కట్టించుకుని, వెనక్కి తిరిగి నన్ను చూసి, ముక్కు ఎగబీల్చి, "మీరు యార్డు నుంచి వస్తాండారు. పత్తి తడిసింది," అన్నాడు. నిజమే. ఆ పొద్దున పత్తి మార్కెట్ యార్డులో తడిసిన పత్తి మీద పెద్ద గొడవ. నేను మాత్ర మరిచిపోయి ఆయన వెంట బస్టాండు దాకా నడిచాను.

ముక్కే ఆయన బతుకు. సబ్బు వాడేవాడు కాదు, సున్నిపిండి వాడేవాడు. తలకు నూనె లేదు. బీడీ తాగేవాళ్లను దూరంగా కూర్చోమనేవాడు. కరచాలనం చేస్తే, వదిలాక తన చేతిని ఒకసారి వాసన చూసుకునేవాడు. కొత్తవాళ్లు అది అవమానం అనుకునేవారు. పత్రిక తెచ్చిస్తే చదవకముందు సిరా వాసన చూసి, "ఈ దినం తొందరపడినారు," అనేవాడు. ఇంట్లో భార్యను పూలు పెట్టుకోవద్దన్నాడు. అది నాకు ఆమే చెప్పింది. ఎమ్మిగనూరులో మగ్గాల చప్పుడు వినిపించే ఒక సందులో వాళ్లిల్లు.

"నా ముక్కుకు అడ్డం వస్తాయంటాడన్నా," అంది. "పెండ్లికి పెట్టుకున్నవే కడ, మళ్లీ పెట్టుకోల్యా. కుక్కరు గూడా ఎత్తుకపోయినాడు. మా పుట్టింటోళ్లు ఇచ్చిన కుక్కరు. మేం పప్పు సట్టిలో ఉడకేసుకుంటాండాం. ఆడ కుక్కర్లో పురుగులకు వండుతాండాడు."

అబద్ధం కాదు. ముంతల్లో పోసే చెక్కనీళ్లను ముందుగా ఆ కుక్కర్లో ఉడికించి, ఇతర క్రిములేవీ లేకుండా చేసి, అప్పుడు పురుగు నుంచి తీసిన తోడు వేసేవాడు. ఆ క్షేత్రంలో దానికి తగిన సామాను లేదు. అడిగితే రాలేదు.

టెట్రాసైక్లిన్ సంగతి తరవాతి వానాకాలం నా కళ్లతో చూశాను. రెండు ఇనుప వల పంజరాలు. ఒకదానిలో మామూలు ఆడపురుగులు. రెండోదానిలో, ఒంట్లో తోడును చంపే ఆ బిళ్లల మందు పూసిన వేపాకు తిన్నవి. తొలివాన మర్నాటి సాయంత్రం రెండింటినీ చేలో దూరదూరంగా పెట్టించి, నన్ను గాలికి ఎదురుగా నిలబడొద్దన్నాడు. మొదటి పంజరం చుట్టూ మగపురుగులు ముసురుకున్నాయి. మందు తిన్న పంజరం దగ్గర దాదాపు ఏమీ లేదు. లోపల ఆడపురుగులు బతికే ఉన్నాయి, పాకుతున్నాయి, ఆకు కొరుకుతున్నాయి. వాటిని పట్టించుకునేవాళ్లే లేరు.

ఆయన పంజరం దగ్గర చతికిలబడి చాలాసేపు చూశాడు. సంతోషం కనిపిస్తుందనుకున్నాను. "పాపం," అన్నాడు. "పిలుస్తాండామనే అనుకుంటాంటాయి."

ఈ కబురు పైకి పోయింది. అదే పెద్దాఫీసరు నుంచి జవాబు వచ్చింది. మందు తిన్న పురుగు జబ్బు పడి ఉంటుంది, జబ్బు పడిన పురుగు పిలవకపోవడంలో వింతేముంది అని. ఆ తరవాత ఒక సమావేశంలో ఎదురుపడి, "మీరు చెప్పేది ఏ పుస్తకంలో ఉందండీ?" అని అడిగాడట. "పురుగులో ఉంది సార్," అన్నాడట ఈయన. అది తెలివైన జవాబే. పైవాళ్లకు ఇవ్వాల్సిన జవాబు కాదు.

అయితే ఆఫీసరు లేవనెత్తిన ప్రశ్న తప్పు కాదని ఆయనే నాకు చెప్పాడు. "ఆయప్ప అడిగింది న్యాయమే. దానికి జవాబు ఒకటే. పురుగే ఉండకూడదు. ఒట్టి తోడు ఉండాల. ఒట్టి తోడు పిలిస్తే, ఇంక ఎవురూ ఏమీ అనలేరు."

ముంతలు అందుకే. ఆకు లేని గడలు అందుకే. పురుగు తిండి కోసం వచ్చిందనే మాట కూడా ఉండకూడదని వేపచెట్లకు దూరంగా పాతాడు. మొదటి ఏడాది తోడు చెడిపోయింది. రెండో ఏడాది తొలివాన హాలహర్వి వైపు పడింది, మా వైపు సరిగా పడనే లేదు. ఏడాదికి ఆ కొద్ది సాయంత్రాలే కదా, అవి పోతే మళ్లీ వచ్చే ఏడాదే. మూడో ఏడాదికి ముంతలు పండాయి. ఆ ఘాటు వాసన పైకి తేలింది. నాకు అది కంపు. ఆయన కళ్లు మూసుకుని పీల్చి, "అదే, అదే," అన్నాడు. ఆఫీసరును తానే రమ్మని రాసి పిలిపించుకున్నాడు. వాన పడగానే జీపు వచ్చేట్టు ఒప్పించాడు. ఇది కూడా కాకపోతే ఈ పని ఆపేయాలని ఆఫీసరు ముందే పెట్టిన షరతు.

మారెప్పను తప్పుపట్టడం నాకు చేతకాదు. మన ఆఫీసుల్లో పెద్దవాడు వస్తున్నాడంటే జరిగేది ఇదే. గోడలకు సున్నం, రాళ్లకు ఎర్రటి గేరు రంగు, నేలకు ఫినాయిల్. పని ఎట్లా జరుగుతోందని పైవాళ్లు అడగడం మారెప్ప తన ఉద్యోగంలో వినలేదు. కంపు కొడుతోందేమని అడగడం మాత్రం విన్నాడు. సారుకు మాట రాకూడదనే కడిగాడు. ఆ ముంతలు ముట్టొద్దని ఆయన చెప్పాడు. కడగొద్దని విడిగా చెప్పాల్సి వస్తుందని ఆయనకు తోచలేదు.

జీపు వెళ్లిపోయాక మేం నలుగురం మిగిలాం. ఆయన లేచి గడల మధ్యకు పోయి, ఒక్కొక్క ముంతనూ వంచి వాసన చూశాడు. పురుగులు చొక్కా మీద పాకుతున్నాయి. చివరన బావిగట్టు దగ్గర గడ ఉంది. అన్నిటికన్నా ఎక్కువ పురుగులు దాని మీదే ఉన్నట్టు నాకు కనిపించింది. ఆ ముంతను రెండు చేతులా పట్టుకుని చాలాసేపు ముక్కు దగ్గర ఉంచుకున్నాడు.

"ఏమైంది సార్?" అన్నాను.

"తెలీడంల్యా," అన్నాడు. "నా ముక్కు నిండా ఫినాయిలే ఉండాది." ఆ ముంతను నేలమీద పెట్టి, "నవ్వేదానికి ఏముండాదప్పా ఇందులో? ఫినాయిల్‌కు వచ్చినా అదీ ఒక జవాబే. తోడు వాసనా ఈ వాసనా ఒకే ఇంటివేమో. అయినా మిగిలిన తోడుకు వచ్చినాయా, ఫినాయిల్‌కు వచ్చినాయా? వేరుచేసి చూస్తే తేలిపోతాది. ఇంకొక్క వాన చాలు నాకు," అన్నాడు.

ఆ ఇంకొక్క వాన రాలేదు. పని ఆపమన్న కాగితం వచ్చింది, వెనకే బదిలీ. దూరంగా, కాలవల కింద వరి పండే చోటికి. అక్కడ ఆ పురుగు లేదు. ఆయన చేయాల్సింది వరికి మందులు కొట్టించడం. ఈ లోపల సంగతి ఆదోని దాకా పాకింది. బస్టాండులో, యార్డులో, పురుగుల సారు ఫినాయిల్ సారు అయ్యాడు. ఆ మందుల షాపు భాయ్ కూడా అడిగాడట, "సార్, ఈసారి బిళ్లలా, ఫినాయిలా?" అని. ఆయన బిళ్లలు కొనడం మానేశాడు.

ఎనభైల్లో ఆయన రిటైరై ఎమ్మిగనూరు తిరిగొచ్చాక ఒకసారి పోయి చూశాను. కౌతాళం వైపు పత్తి రైతులు మందుల మీద మందులు కొడుతున్న రోజులు. యార్డుకు వచ్చే పత్తి బోరాల నుంచి కూడా ఆ ఘాటు వచ్చేది. దాని గురించి రాస్తున్నాను, ఒక మాట చెప్పమన్నాను. నేను యార్డు నుంచే నేరుగా పోయాను. ఆయన ముక్కు ఎగబీల్చి ఏదైనా అంటాడని కూర్చున్నాను. ఏమీ అనలేదు.

ఆయన భార్య కాఫీ తెచ్చింది. తలలో మల్లెపూలు. నేను చూడటం గమనించి, లోపలికి పోతూ తలుపు దగ్గర ఆగింది.

"దినామూ ఆయనే తెస్తాండాడన్నా," అంది. "ఇన్నేండ్లు వద్దన్నాడు. ఇప్పుడు తెస్తాండాడు. వాసన తెలీదు గదా."

ఆయన గ్లాసు పట్టుకుని నేలవైపు చూశాడు. "ఆడ వరికి మందులు కొట్టించినప్పుడు పోయిందప్పా. ఒకేసారి పోలేదు. మొదట పూలు పోయినాయి. తర్వాత కాఫీ. ఇప్పుడు ఇంట్లో ఏమన్నా మాడితే ఆ యమ్మ చెప్పాల." గ్లాసు కింద పెట్టి, "ఇంక నేను పురుగులో ఆ సంచి తెరిసినా, అది తోడో కాదో చెప్పేవాళ్లెవురు?" అన్నాడు.

ఇంకెవరికైనా నేర్పించకపోయారా అన్నాను.

"ఎవురికి? ఫినాయిల్ సారు దగ్గర నేర్చుకుంటాననే వాడెవుడు?"

ఆ రోజు ఆయన పత్తి గురించి ఒక్క మాటా చెప్పలేదు. వస్తుంటే కుక్కరు గుర్తొచ్చి ఆమెను అడిగాను. బదిలీ అయినప్పుడు క్షేత్రంలోనే వదిలేసి వచ్చాడంది.

మొన్న ఆదోనిలో తెలిసినవాళ్లను చూడటానికి ఒక ఆసుపత్రికి పోయాను. వరండా తుడుస్తున్నారు. ఆ వాసన తగలగానే చేను, గడలు, జీపు అన్నీ కళ్లముందుకు వచ్చాయి. బెంచీ మీద ఒక ముసలాయన లేచి దండం పెట్టాడు. మారెప్ప. మనవడికి కట్టు కట్టించడానికి వచ్చాడు.

"సారు పోయినాడు, తెలుసునా అన్నా?" అన్నాడు. "బుడ్డలు పీకే దినాల్లో పోయినాడు. ఎవురూ రాల్యా. ఉరుకుందప్ప వచ్చినాడు, నేను పోయినా."

నాకు తెలియదు. పత్రికలో ఉన్నవాడిని, నాకు కబురు అందలేదు.

మారెప్ప నా పక్కన కూర్చున్నాడు. తుడిచే ఆమె మా కాళ్ల దాకా వచ్చింది. ఇద్దరం కాళ్లు పైకెత్తుకున్నాం. ఆమె పోయాక అడిగాడు. "నేను కడగకపోయింటే అవి వచ్చేవా అన్నా?"

"ఏమో మారెప్పా. కడిగినాకా వచ్చినాయి గదా."

"అదే గదా." చేతులు చూసుకున్నాడు. "ఒకటి సెప్తా. సారుకు గూడా సెప్పలేదు. బాయిగట్టు కాడ ముంత ఉండె సూడు, అది కడ ముంత. దాని దగ్గరికి పోతానే జీపు సప్పుడు ఇనపడింది. ఉరికినా. దానిలోపల పోసి ఉరికినానా, మీద సల్లి ఉరికినానా, నాకు గుర్తు రాదు. తర్వాత వాసన సూసుకున్నా. నా సేతులే ఫినాయిలు. ఏది ముట్టినా అదే వాసన."

"మరి అప్పుడే సెప్పాల్సింది."

"అందరూ నగుతాండిరి. ఆ నగుల్లో ఏమని సెప్పేది? సారు ఏమన్నా అడుగుతాడేమో అని శానా దినాలు సూసినా. అడగల్యా."

మనవడి పేరు పిలిచారు. మారెప్ప లేచి పోయాడు.

ఆ సాయంత్రం అన్నిటికన్నా ఎక్కువ పురుగులు వాలింది ఆ ముంత మీదే. దానిలో ఫినాయిల్ పడిందో లేదో కడిగిన మనిషికే తెలియదు. ఆ తరవాత ఎవరూ ఆ చేలల్లో ఆకు లేని గడ పాతి ముంత కట్టి చూడలేదు. ఈ ఏడాది కూడా తుగ్గలి వైపు బుడ్డల చెట్లు పట్టి లాగితే వేర్లు లేకుండానే వస్తున్నాయి.